గడప దాటని తమ్ముడు

ఈ రోజుల్లో ఏ ఆస్పత్రికి పోయినా గోడ మీద ఒక పటం ఉంటుంది. పిల్లవాడు ఎన్నో నెలకు ఎంత బరువుండాలి, ఎప్పుడు కూర్చోవాలి, ఎప్పుడు నిలబడాలి అని అందులో గీతలు గీసి చూపిస్తారు. మా అవ్వకు ఆ పటంతో పని లేదు. ఆమె దగ్గర అంతకన్నా రుచికరమైన లెక్క ఉండేది. బోర్లపడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు, పలుకులొస్తే పంచదార చిలకలు. పిల్లవాడు ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా దానికి తగిన వంటకం చేసి వీధంతా పంచాలి. పంచకపోతే వాడు ఆ మెట్టు ఎక్కినా ఎక్కనట్టే. ఈ చివరి మాట మా ఇంట్లో ఎంత పని చేసిందో చెబుదామనే ఇది మొదలుపెట్టాను.

మాది మార్కాపురానికీ గిద్దలూరికీ నడుమ ఒక మెట్ట పల్లె. అప్పట్లో మా ఊళ్లు కర్నూలు జిల్లాలో ఉండేవి, సర్కారు చెన్నపట్నంలో ఉండేది. ఆ చెన్నపట్నం ఏ దిక్కున ఉందో మా పేటలో ఎవరికీ తెలియదు. "రైలెక్కి కూచుంటే అదే వస్తాది" అనేది అవ్వ. ఆమె జన్మలో రైలెక్కలేదు. కంబం దాకా ఒకసారి నడిచిపోయి రైలును చూసి వచ్చింది, అంతే. కానీ ఏ సంగతి గురించైనా అంత నమ్మకంగా చెప్పేది.

మా తాతల కాలంలోనే మా పేట మొత్తం కిరస్తానీ మతంలోకి వచ్చింది. అవ్వ ఏ ఆదివారమూ ప్రార్థన మానేది కాదు, పాటలన్నీ అందరికన్నా గట్టిగా పాడేది. పాత పద్ధతులు మాత్రం ఒక్కటీ వదల్లేదు. ఎవరైనా అడిగితే, "దేవుడు మారినాడు గానీ నోరు మారలేదు గదా" అనేది. తమ్ముడు బోర్లపడినప్పుడు బొబ్బట్లు చేసి, వాటి మీద ప్రార్థన చేయించి మరీ పంచింది. అది పంట పండిన ఏడు. శనగలకూ బెల్లానికీ లోటు లేదు. నాకు మూడు బొబ్బట్లు వచ్చాయి. వాడు రోజూ బోర్లపడితే బాగుండునని అనుకున్నాను.

నాయన మార్కాపురం దగ్గర పలక గనుల్లో పని చేసేవాడు. వారమంతా అక్కడే ఉండి శనివారం సాయంత్రం ఇంటికి నడిచి వచ్చేవాడు. వచ్చేటప్పటికి కనురెప్పల మీద కూడా రాతి పొడి ఉండేది. అమ్మ తెల్లవారకముందే కూలికి పోయి పొద్దు గుంకే వేళకు వచ్చేది. తమ్ముడికి పాలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దొరికేవి. మధ్యలో అవ్వ పోసే గంజి నీళ్లు. అవ్వకు నడుము వంగదు, వంగితే లేవదు. కాబట్టి ఆ పిల్లవాడు నా వాటాకు వచ్చాడు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు.

మోయడంలో నన్ను మించినవాళ్లు మా పేటలో లేరు. వాణ్ణి ఎడమ తుంటి మీద వేసుకుని నీళ్లు తెచ్చేదాన్ని, పుల్లలు ఏరేదాన్ని, అష్టాచెమ్మా ఆడేదాన్ని. ఒంటికాలి మీద తొక్కుడుబిళ్ల కూడా ఆడాను. ఆడవాళ్లు నన్ను చూసి, "ఎంత బాగ సాకుతాండాదమ్మా, రెండో తల్లి" అనేవారు. ఆ మాట కోసం వాణ్ణి అవసరం లేనప్పుడు కూడా ఎత్తుకునేదాన్ని. పొగడ్తకు పడిపోయే గుణం నాకు అప్పటి నుంచే ఉంది, ఇప్పుడు దాచుకుని లాభమేమిటి?

మా గుడిసె ఎదురుగానే, దారికి అవతల, మిషను బడి ఉండేది. ఒకటే గది, ఒకరే పంతులయ్య. నేను తమ్ముణ్ణి చంకలో పెట్టుకుని ఆ గోడ పక్కన నిలబడి లోపలి పిల్లలు చదివేదంతా వినేదాన్ని. అ ఆలు, రెండో ఎక్కం, కీర్తనలు అన్నీ అలాగే వచ్చాయి. వినడం వచ్చింది కానీ అక్షరం రూపం తెలియదు. నాయన గని నుంచి అంచు విరిగిన పలక ముక్క ఒకటి తెచ్చి నాకు ఇచ్చాడు. ఇస్తూ అమ్మతో, "దేశంలో పిల్లోళ్లందరికీ పలకలు జేస్తాండా, మన పిల్ల చేతిలో ఒక్కటి లేకపోతే ఎట్ల?" అన్నాడు. నేను దాని మీద ఏవో సున్నాలు చుట్టి, అవే అక్షరాలని తమ్ముడికి చెప్పేదాన్ని. వాడు నమ్మేవాడు.

ఆ ఏడు ఎండాకాలం సెలవుల తరువాత బడి తెరిచిన రోజు ధైర్యం చేసి వాడితో సహా లోపలికి పోయి కూర్చున్నాను. మొదటి గంటలోనే వాడు పంతులయ్య సుద్దముక్క తినేశాడు. తరువాత ఆయన పంచె మీద నీళ్లు పోశాడు. ఆయన మంచివాడు, కోప్పడలేదు. "ఇద్దరొస్తే ఇద్దరికీ చదువు రాదు తల్లీ. వాడు నడిచినాక నువ్వు రా" అన్నాడు. అమ్మ కూడా అదే మాట అంది. నడిచే పిల్లవాణ్ణయితే అవ్వ కనిపెట్టుకుని ఉండగలదు, మోసే పిల్లవాణ్ణి చూసుకోలేదు. "వాడు తన కాళ్ల మీద నాలుగడుగులు ఏసిన దినం నువ్వు బడికి పో. నేను అడ్డం రాను" అని అమ్మ మాట ఇచ్చింది.

నాకు ఒక్క ఏడాదే గడువు ఉంది. పదేళ్లు వచ్చిన ఆడపిల్లను కలుపు తీయడానికి తీసుకుపోవడం మా పేటలో రివాజు. ఒకసారి చేలోకి దిగిన పిల్ల మళ్లీ బడి ముఖం చూసినట్టు నాకు తెలిసి లేదు. పంతులయ్య బడి తెరిచాక పది దినాల దాకానే కొత్త పేర్లు రాసుకుంటాడు. అంటే మళ్లీ బడి తెరిచే నాటికి తమ్ముడు నడవాలి. లేకపోతే నా చదువుకు నీళ్లు వదులుకోవాల్సిందే.

ఇంత అవసరం పెట్టుకుని మేం చేసిన పని ఏమిటో చెబితే నవ్వుతారు.

నేను అలా బడిలోకి పోయి కూర్చోవడానికి నెల ముందే, ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, తమ్ముడు పాక్కుంటూ గడప దగ్గరికి వచ్చాడు. రాతి గడప అది, జానెడు ఎత్తు. దాని మీద ఒక మోకాలు వేశాడు. నేను చప్పట్లు కొట్టబోతుంటే అవ్వ పొయ్యి దగ్గర నుంచి, "పట్టుకోవే! దాటనీబాకు!" అని అరిచింది. నేను కాలు పట్టుకుని వెనక్కి లాగాను.

"ఎందుకవ్వా?" అన్నాను.

"గారెలు చెయ్యొద్దా? మినుములు యాడుండాయి? నూనె యాడుండాది? ఉత్త చేతులతో గడప దాటించినామంటే వీధిలో తలెత్తుకోవాల్నా? బొబ్బట్లు తిన్నోళ్లంతా గారెల కోసం కాసుకోనుండారు. వాన పడి పంట రానీ, దర్జాగా దాటిద్దాం" అంది అవ్వ.

ఎత్తుకుని దాటిస్తే దాటినట్టు కాదు. వాడంతట వాడు మోకాళ్ల మీద దాటితేనే దాటినట్టు. కాబట్టి వాడు బయటికి రావాలంటే నా చంకలోనే రావాలి, లోపలికి పోవాలన్నా నా చంకలోనే. గుడిసెలో పాకనిద్దామంటే అంతా కలిపి పొయ్యీ, కుండలూ, ఒక నులక మంచమూ. పాకే చోటే లేదు, పైగా నిప్పు భయం. మొదట్లో వాడు రోజుకు ఏడెనిమిది సార్లు గడప మీదికి దండెత్తేవాడు. నేను రోజుకు ఏడెనిమిది సార్లు కాలు పట్టి లాగేదాన్ని. కొన్నాళ్లకు వాడే మానేశాడు. బుద్ధిమంతుడయ్యాడని సంతోషించాం.

ఆ ఏడు వాన రాలేదు. మబ్బులు వచ్చి నల్లమల మీద కాసేపు కూర్చుని పోయేవి. సజ్జలు జానెడెత్తు లేచి ఎండిపోయాయి. పంట లేదు కాబట్టి గారెలు లేవు, గారెలు లేవు కాబట్టి గడప లేదు. తమ్ముడికి ఏడాది నిండింది. క్రిస్మస్ కూడా వచ్చి పోయింది. వాడి ఈడు పిల్లలు దారి మీద కోళ్లను తరుముతున్నారు. వీడు నా తుంటి మీద కూర్చుని వాళ్లకు హుకుములు జారీ చేస్తున్నాడు.

అవ్వకు అప్పుడు అనుమానం వచ్చింది. మొదట దిష్టి అంది. ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది, ప్రార్థన కూడా చేయించింది. ఎందులో లోటు వచ్చినా రెండోది ఆదుకుంటుందని ఆమె లెక్క. రెండూ ఆదుకోకపోయేసరికి వాగుకు బయలుదేరదీసింది. ఇసుకలో నడుము దాకా పూడ్చితే కాళ్లు గట్టిపడతాయట. ఎండిన వాగులో నేను గుంత తవ్వాను. వాణ్ణి నిలబెట్టి చుట్టూ ఇసుక నింపాం. వాడు ఏడవలేదు సరికదా, రాజాలాగా చుట్టూ చూసి ఇసుక గుప్పిళ్లతో మా మీద చల్లాడు.

గొర్రెలు తోలుకుపోతున్న ఒకాయన ఆగి, "ఏందవ్వా, మొక్క నాటినావా?" అన్నాడు.

"మొలిచినాక చెప్తాలే, పో" అంది అవ్వ.

నాలుగు సాయంత్రాలు నాటాం. వాడికి ఇసుక తినడం వచ్చింది, నడక రాలేదు.

ఇంతలో నెలకోసారి ఎడ్లబండి మీద వచ్చే నర్సమ్మ వచ్చింది. కంబం వైపు మనిషి. తెల్లచీర, మాట దురుసు, చెయ్యి మెత్తన. ప్రార్థన పాక నీడన కూర్చుని పిల్లల్నీ తల్లుల్నీ చూసేది. నేను తమ్ముణ్ణి తీసుకుపోయాను. అవ్వ వెంట వచ్చింది, నా మాటల మీద ఆమెకు నమ్మకం లేదు.

"ఏం తింటాడు వీడు?" అంది నర్సమ్మ.

"గంజి" అంది అవ్వ. చేతిలో ముంత ఉంటే చూపించింది.

నర్సమ్మ అందులోకి తొంగి చూసింది. "అవ్వా, ఇందులో నా మొగం కనపడతాంది. మొగం కనపడితే దాన్ని గంజి అనరు, అద్దం అంటారు. చెంచా నిలబడేట్టు కాచి పెట్టు. పప్పు కట్టు గాదు, పప్పు పెట్టు. ఆకుకూర మెదిపి పెట్టు. ఇంట్లో కోడి ఉండాది గదా, గుడ్డు పెట్టు."

"గుడ్డు పెడితే నాలిక మందమైతాది. మాట రాదు."

"రాకపోతే మేలే గదవ్వా. మీ ఇంట్లో మాటలకేం కరువు?"

అవ్వను అంత మాట అన్నవాళ్లను నేను అంతకు ముందు చూడలేదు. నోరు తెరుచుకుని నిలబడ్డాను. నర్సమ్మ నా వైపు తిరిగి, "యాడ ఆడుకుంటాడు?" అంది.

"నా చంకలో" అన్నాను గొప్పగా.

"ఇంకా?"

"చంకలోనే."

"దించు."

దించబోయాను. నేల తగిలేలోగా వాడు రెండు కాళ్లూ కడుపులోకి ముడుచుకున్నాడు. నేను పైకెత్తితే కాళ్లు దిగాయి, కిందికి దించితే ముడుచుకున్నాయి. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నర్సమ్మ నవ్వలేదు. వాడి మోకాళ్లు, పిక్కలు వేళ్లతో నొక్కి చూసింది. "ఎముకలో ఏ దోషమూ లేదు. తిండి చాలక కండ లేదు, అంతే. ఈ కాళ్లకు పని చెప్పినోళ్లు కూడా లేరు. వాడు ఎందుకు నడుస్తాడు, నీ కాళ్లుండంగ?" అంది నాతో.

నాకు ముఖం మాడిపోయింది. రెండో తల్లి అనిపించుకున్నదాన్ని. వాణ్ణి నేలకు దూరం చేసింది నేనేనా? వాడి నడక కోసం ఇన్ని నెలలుగా చూస్తూ, ఆ నడకను నా తుంటి మీదే కట్టేసుకున్నానా? నర్సమ్మ మీద కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వచ్చాయి కాబట్టి ఏదీ బయటపడలేదు.

గుడిసె ముందు పాకనివ్వొచ్చు కదా అని నర్సమ్మ అడిగితే అవ్వ గారెల సంగతి చెప్పింది. నర్సమ్మ పడీ పడీ నవ్వింది. దూరంగా ఎడ్లకు గడ్డి వేస్తున్న బండివాడు కూడా ఇటు చూశాడు. కానీ అవ్వ ముఖం చూసి వెంటనే ఆపింది. ఆ ఒక్క పనికే ఆమె అంటే నాకు గౌరవం. అవ్వకు అది నవ్వులాట కాదు. ఏమీ లేని ఇంట్లో ఆ గారెలే మర్యాద.

"గారె మినుములతోనే చెయ్యాలని ఎవరు చెప్పినారు అవ్వా?" అంది మెల్లగా.

"మా అత్త."

"మీ అత్త వాన పడిన యేడు చెప్పింటాది."

అవ్వ ముంత తీసుకుని ఇంటి దారి పట్టింది.

ఆ శనివారం అవ్వ విత్తనాలకని బూడిద కలిపి దాచిన కుండ దించింది. అందులో అలసందలు ఉన్నాయి. రెండు దోసిళ్లు తీసి నానబోసింది. విత్తనం ముట్టుకోవడం ఎంత పెద్ద పనో నాకు అప్పుడు తెలియదు, అమ్మ ముఖం చూస్తే తెలిసింది. నూనె మూకుడు పెట్టే యోగం లేదు కాబట్టి పెనం మీద నూనె గుడ్డ ఒకసారి తిప్పి, రుబ్బిన పిండి చిన్న చిన్న బిళ్లలుగా తట్టి, ఒక్కోదానికి నడిమధ్య వేలితో బొక్క పెట్టింది. "బొక్క ఉంటే గారె, లేకుంటే రొట్టె. ఇవి గారెలు" అని తీర్పు చెప్పింది. ఆదివారం ప్రార్థన కాగానే పంచాం. ఇంటికి ఒకటి.

"ఏందత్తా, ఈ గారె నూనె మొగం చూసినట్టు లేదే?" అంది పక్కింటామె.

"చూసి పలకరించొచ్చిందిలే. తిను" అంది అవ్వ.

అందరూ గుడిసె ముందు మూగారు. తమ్ముణ్ణి లోపల కూర్చోబెట్టి బయటి నుంచి పిలిచాం. వాడు పాక్కుంటూ గడప దాకా వచ్చి ఆగాడు. ఆగి, పక్కన నిలబడ్డ నా వైపు చూశాడు. కాలు పట్టి లాగుతానని ఎదురుచూస్తున్నాడు. లాగించుకోవడం కూడా గడప దాటడంలో ఒక భాగమనుకున్నాడేమో! ఏం చేయాలో తోచక నేనే గుడిసెలోకి పోయి, మోకాళ్ల మీద కూర్చుని, వాడి పక్క నుంచి పాక్కుంటూ గడప దాటాను. జనం విరగబడి నవ్వారు. తొమ్మిదేళ్ల పిల్ల గడప దాటింది, ఇంకో వాయి గారెలు వెయ్యమన్నారు. నేను వెనక్కి తిరిగి చూసేసరికి తమ్ముడు నా వెనకాలే బయటికి వచ్చి, మట్టిలో కూర్చుని, రెండు చేతులతో నేలను బాదుతున్నాడు.

ఆ తరువాత నెలలు సరదాగానే గడిచాయి, నాకు తప్ప. గంజి చిక్కబడింది. అవ్వ గుడ్డుకు ఒప్పుకుంది, కానీ వాడికి పెట్టే ముందు తనే కొంచెం తిని, తన మాట ఆగలేదని చూసుకున్నాక పెట్టేది. గుడిసె ముందు కట్టేసిన మేక వాడికి మొదటి గురువు. దాని చెవి పట్టుకుని లేచాడు, మెడ పట్టుకుని నిలబడ్డాడు. అది కదిలితే తనూ కదిలేవాడు, అది పడుకుంటే తనూ కూలబడేవాడు. ఒళ్లంతా మేక వాసన. అమ్మ సాయంత్రం వచ్చి ముందు వాణ్ణి కడిగి, తరువాత పాలిచ్చేది.

మధ్యలో వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. అవ్వ లంకణం అంది. లంకణం పరమౌషధమని సామెత ఉంది కదా, ఆమె సామెతలన్నిటినీ మందుల కిందే వాడేది. అమ్మ ఎన్నడూ అవ్వకు ఎదురు చెప్పని మనిషి. ఆ రోజు కూలికి పోకుండా పొయ్యి దగ్గర కూర్చుని, నీళ్లు మరగబెట్టి చల్లార్చింది, ఉప్పేసిన గంజి కాచింది. "నర్సమ్మ కడుపు మాడ్చొద్దని చెప్పింది. నేను మాడ్చను" అని గుక్క గుక్కగా తాగించింది. అవ్వ అటు తిరిగి పడుకుంది. వారంలో వాడు మళ్లీ మేక చెవి పట్టుకున్నాడు. అప్పుడు అవ్వ లేచి వచ్చి, "నేను చేసిన ప్రార్థన ఊరికే పోతాదా?" అంది. అమ్మ నవ్వింది.

నా కష్టం వేరు. వాణ్ణి ఎత్తుకోకూడదని నాకు గట్టిగా చెప్పారు. వాడు ఏడ్చేవాడు. వాడు ఏడిస్తే నా చేతులు ఊరుకునేవి కావు. గడ్డివామి చాటుకు తీసుకుపోయి దొంగతనంగా ఎత్తుకునేదాన్ని. వాడూ ఆ దొంగతనంలో భాగస్తుడే, ఎత్తుకోగానే గప్‌చిప్‌గా నా మెడలో ముఖం దాచుకునేవాడు. ఒకరోజు అమ్మ చూసింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు.

"వాడు నడవకపోతే బడి పోయేది నీకేనే. ఆ సంగతి మరిసినావా?" అంది.

మరవలేదు. బడి కావాలి, వీడూ కావాలి. వాడు త్వరగా నడవాలని ప్రార్థన చేసేదాన్ని, ఈ రోజు వద్దులే అని అదే నోటితో అనుకునేదాన్ని.

బడి తెరిచారు. తమ్ముడు గోడ పట్టుకుని చకచకా పోతాడు, మేకను పట్టుకుని పరిగెత్తుతాడు, ఒంటరిగా మాత్రం ఒక్క అడుగు వేయడు. రోజులు ఒక్కొక్కటే పోయాయి. పదో రోజు వచ్చింది. మధ్యాహ్నం గంట కొట్టేదాకా పేర్లు రాసుకుంటానని పంతులయ్య చెప్పాడు. బడి ముందు వేలాడే రైలు పట్టా ముక్కే గంట. పొద్దున అమ్మ కూలికి పోతూ నా తల నిమిరి, "పైయేటికి చూద్దాం" అంది. పైయేటికి నాకు పదేళ్లు దాటుతాయని ఆమెకూ తెలుసు.

పొద్దు నడినెత్తికి వస్తోంది. నేను తమ్ముణ్ణి గుడిసె గోడ పక్కన నిలబెట్టి, దారి మధ్యకు పోయి నిలుచున్నాను. ఏం చేద్దామని పోయానో నాకే తెలియదు. బహుశా కోపం. వాడి మీద, గారెల మీద, నా తుంటి మీద. అవ్వ అరుగు మీద కూర్చుని చూస్తోంది. వాడు గోడకు ఆనుకుని నన్ను చూశాడు. ఏడుపు ముఖం పెట్టాడు. నేను కదల్లేదు. అప్పుడు వాడు ఎప్పటిలాగే, ఎత్తుకోమని, రెండు చేతులూ పైకి చాపాడు.

రెండు చేతులూ ఎత్తాడంటే గోడ వదిలేసినట్టే. అది వాడికి తెలియదు. నాకు తెలిసింది. అవ్వకూ తెలిసింది.

"ఎత్తుకోబాకే! చేతులు ఎనక్కి పెట్టుకో!" అంది అవ్వ, గొంతు తగ్గించి.

చేతులు వెనక్కి పెట్టుకుని ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకున్నాను. వాడు చేతులెత్తి నిలబడే ఉన్నాడు. అటూ ఇటూ ఊగుతున్నాడు. ఎంతకూ నేను రాకపోయేసరికి ఇదేం పద్ధతి అన్నట్టు చూశాడు. తరువాత ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉంచి, ఒక అడుగు వేశాడు. ఇంకొకటి వేశాడు. అవ్వ ఏడు అంటుంది, నేను లెక్కపెట్టాను, అయిదే. అయిదో అడుగుకు నా పావడాను గుప్పిట్లో పట్టుకుని నా మోకాళ్ల మీద పడ్డాడు. అయినా ఎత్తుకోలేదు. అంత కష్టమైన పని నా జన్మలో మళ్లీ చేయలేదు.

పక్కింటామె అన్నీ చూసింది. "అరిసెలేవి అత్తా?" అంది.

"అడుగులు వాడియ్యి, అరిసెలు నాయి. నాకు ఒనగూరినప్పుడు చేస్తా. వాణ్ణి మళ్లీ ఆపేది లేదు" అంది అవ్వ. అరుగు దిగి వచ్చి వాడి చెయ్యి పట్టుకుంది. "ఇంకా ఏం చూస్తాండావే? గంట గొడతాడు. పో. మీ అమ్మకు నేను చెప్తా."

ఒక్క దూకులో దారి దాటాను. పంతులయ్య పుస్తకం మూయబోతున్నాడు. మళ్లీ తెరిచి పేరు అడిగాడు. చెప్పాను, కానీ ఏడుపులో అది ఆయనకు అర్థం కాలేదు.

"ఏందమ్మా, ఏమైంది?"

"మా తమ్ముడు నడిచినాడు."

"అయితే నవ్వాల గదమ్మా, ఏడుస్తావేంది?" అన్నాడాయన.

ఆ మాటకు ఇప్పుడైతే జవాబు చెప్పగలను. బడి దొరికినందుకు ఏడ్వలేదు. లోపలికి రాగానే కిటికీలో నుంచి చూస్తే తమ్ముడు అవ్వ చెయ్యి విడిపించుకుని, నా వైపు కాకుండా, మేక వైపు నడుస్తున్నాడు.